తలపైకెక్కిన కలప

నెల్లి అనగా తమిళమున ఉసిరి. తోపు మనకు తెలిసిన తోపే. పుదుచ్చేరిలోని నెల్లితోపు, పాతనగరమును చుట్టి కోడిగ్రుడ్డు ఆకారమున సాగే బులెవారుకు పడమట, ఆ గీతకు వెలుపల ఉన్నది. ఈ ఊరి పాత యిండ్లలో వడ్రంగము ఎట్లు సాగినదో తెలియగోరేవారు నేలను గాక కప్పును చూడవలెను.

ఫ్రాన్సులో పలకల నేల గొప్పింటి గుర్తు. 1684లో వర్సాయి రాజభవనమున పాలరాతిని తీసి కలపపలకలు పరచినారు. అది అలంకారము కొరకు మాత్రమే కాదు; రాతిని కడిగిన నీరు క్రిందికి దిగి దూలములను కుళ్లజేసినది. అటువంటి నేల పుదుచ్చేరిలో ఎట్లు నిలుచును? ఒకవైపు సముద్రపు తేమ, మరొకవైపు చెదలు. అందుచేత దొరల యిండ్లలో సైతము నేల గచ్చుకో రాతికో దక్కినది, టేకు తలపైకెక్కినది.

దానినే మద్రాసు మిద్దె అంటారు. మన రాయలసీమ మట్టిమిద్దెకు అది దూరపు చుట్టము. గోడనుండి గోడకు టేకు వాసములు దగ్గర దగ్గరగా వేస్తారు. వాటిపై సన్నని ఇటుకలను అంచుమీద నిలిపి, గది మూలనుండి ఏటవాలు వరుసలుగా సున్నముతో అతుకుతారు. క్రింద ఆధారపు పలక ఉండదు; ఒక వరుసను ముందటి వరుసయే పట్టి నిలుపుతుంది. ఆపైన ఇటుకముక్కల సున్నపు కాంక్రీటు పోసి, కరక్కాయ, బెల్లము నానిన నీరు చిలకరిస్తూ, కొయ్యబద్దలతో దినములకొలది కొట్టేవారు. మేడయింటిలో క్రిందిగదికి కప్పయినదే పైగదికి నేల. వాసపు మందము వడ్రంగికి, వరుస వాలు తాపీవానికి తండ్రిచేతినుండి వచ్చిన విద్యలు. ఒకరి లెక్క తప్పితే రెండవవాని పని నిలువదు.

1761లో ఆంగ్లేయులు నగరమును నేలమట్టము చేసినారు. 1763 పారిసు సంధి వలన అది తిరిగి ఫ్రెంచివారికి దక్కగా, 1765 నుండి మరల కట్టుకొన్నారు. నేడు మనము పాతవని చూచే యిండ్లలో పెక్కు ఆ తరువాతివే. కస్తూరి రంగకవి తన తెలుగు ఛందోగ్రంథమును అంకితమిచ్చిన ఆనందరంగపిళ్ల భవనము అంతకు ముందటిది. అందులో క్రింది అంతస్తున కొయ్యస్తంభములు, పైని గచ్చుస్తంభములు; రెండు దేశముల కట్టడములు ఒకే యింట కాపురమున్నవి.

ఈ మిద్దెకు చావు గోడలో దాగి ఉంటుంది. పైని పగిలిన గచ్చులోనుండి దిగిన నీరు, గోడలో పొదిగిన వాసపు కొనను లోలోపల తింటుంది. నడుమ మ్రోగే వాసము కొనవద్ద మొద్దుగా పలికితే అనుభవజ్ఞుడు అనుమానిస్తాడు. కుళ్లిన కొనను కోసి క్రొత్త టేకును అతికితే ఇల్లు నిలుస్తుంది. ఆ శ్రద్ధ కరవైనప్పుడు పెద్ద కట్టడములకైనా రక్షణ లేదు. 1870 ప్రాంతమున కట్టిన పురపాలక భవనము, మేరీ, 2014 నవంబరు వర్షములలో కూలినది. 2021లో పాత రూపున మరల లేచినది.

వైశ్యుల వీధిని బాగుచేసినందుకు 2008లో యునెస్కో పురస్కారము లభించినది. మెచ్చదగినదే. కాని బాటసారి చూచేది ఇంటి ముఖమును; మిద్దె లోపలిది. ఇక బులెవారు దాటిన నెల్లితోపు వంటి పేటలపై పురాతత్త్వాభిమానుల చూపు అంతగా పడదు. అక్కడ పాత ఇల్లు విప్పితే టేకు వాసములు బరువును బట్టి అమ్ముడుపోయి, తలుపులుగా, బల్లలుగా మారుతాయి. ఆ వాసములమీద ఏటవాలు వరుస పేర్చిన చేతికి మాత్రము ఆ బేరములో పనిలేదు.