అరుగుదల ఎవరి పాలు? – సెల్‌ఫోను తీగ కథ

సెల్‌ఫోనులు మన యిండ్లలోనికి క్రొత్తగా వచ్చిన రోజులలో, ఒక యింట నలుగురి వద్ద నాలుగు కంపెనీల ఫోనులుంటే నాలుగు రకముల చార్జరులు ఉండెడివి. నోకియా ఫోనుకు సన్నని గుండ్రని పిన్ను; మరి కొన్నింటికి చదునైన కొన; ఇంకొన్నింటికి ఇరువైపుల కొక్కెములు గల వెడల్పాటి కొన. ఊరికి ప్రయాణమై చార్జరు మరచిపోయినవారికి, చుట్టాల యింట మూడు చార్జరులున్నను అక్కరకు వచ్చునది ఒకటి ఉండెడిది కాదు. ఐరోపా కమిషను లెక్క ప్రకారము 2009 నాటికి అక్కడి అంగళ్ళలో సెల్‌ఫోను చార్జరులు 30 రకములు. ఈనాడు ఆ ముప్పదియును పోయి, క్రొత్త ఫోనులలో దాదాపు ఒక్కటే నిలిచినది. ఇన్ని కొనలలో ఆ ఒక్కదానినే లోకము ఎందుకు ఎన్నుకొన్నది? సమాధానము కొంత వ్యాపారములోను, కొంత చట్టములోను ఉన్నది. కాని చాలమంది కంటబడని ముఖ్య కారణము ఒక చిన్న స్ప్రింగు రేకులో ఉన్నది.

ఈ కథ ఫోనులతో మొదలు కాలేదు, కంప్యూటరులతో మొదలైనది. కీబోర్డునకు ఒక రంధ్రము, ప్రింటరునకు ఒకటి, మోడెమునకు మరొకటి ఉండెడి రోజులలో, 1994లో, ఇంటెల్, ఐ.బి.ఎం., మైక్రోసాఫ్ట్, కాంపాక్, డెక్, ఎన్.ఇ.సి., నార్టెల్ అను ఏడు సంస్థలు ఒక్కటై, అన్నింటికి పనికివచ్చు ఒకే ప్రమాణము కొరకు పూనుకొన్నవి. 1996 జనవరిలో యు.ఎస్.బి. తొలి ప్రమాణము వెలువడినది. ఈ కృషిలో ముందు నిలచినవారు వడోదరలో చదువుకొని, అమెరికాలో ఇంటెల్ సంస్థలో పనిచేసిన శ్రీ అజయ్ భట్. ఆ ప్లగ్గు ఒకవైపుగా పెట్టిననే ఎక్కును, తిరగవేసిన ఎక్కదు. ఇరువైపుల ఎక్కునట్లు చేయుటకు తీగలును, లోపలి సర్క్యూట్లును రెట్టింపు కావలసి వచ్చెడివనియు, ఆ ఖర్చుకు వెనుదీసితిమనియు ఆయన తరువాతి కాలమున చెప్పినారు.

ఆ తొలి ప్లగ్గు కనీసము 1,500 మారులు పెట్టి తీయుటకు తట్టుకొనవలెనని నియమము. కంప్యూటరు బల్లమీద కదలక ఉండునది. ప్రింటరు తీగను ఒకసారి తగిలించిన నెలల తరబడి తీయనక్కరలేదు. కాబట్టి ఆ లెక్క వారికి చాలినది. అదే తీగ జేబులో తిరుగు ఫోనుకు వచ్చినప్పుడు లెక్క తప్పినది. రోజుకు రెండు మారులు తగిలించు వానికి 1,500 మారులనగా 750 దినములు, రెండేండ్లకు కొంచెము పైన.

చేతి పరికరముల కొరకు 2000 సంవత్సరములో మినీ యు.ఎస్.బి. వచ్చినది. ఇది చిన్నది, 5,000 మారులకు నిలుచునది. కెమేరాలు దీనిని స్వీకరించినవి. 2004లో వచ్చిన మోటరోలా రేజర్ వంటి ఫోనులును స్వీకరించినవి. కాని ఇందులో ఒక లోపమున్నది. ప్లగ్గును గట్టిగా పట్టియుంచు స్ప్రింగు రేకు ఫోనులోని రంధ్రము వైపున ఉండెను. తగిలించి తీసిన ప్రతిసారి వంగుచు, లేచుచు, అలసిపోవునది ఆ రేకే. అది వదులైనచో తీగను మార్చిన లాభము లేదు, ఫోనునే విప్పవలెను.

2007 జనవరిలో వెలువడిన మైక్రో యు.ఎస్.బి. ఈ లోపమును సవరించినది. మినీ ప్లగ్గు మందము సుమారు 3 మిల్లీమీటర్లు. మైక్రో మందము 2 మిల్లీమీటర్లకు లోపు. ఫోనులు నానాటికి పలుచనగుచున్నవి గనుక ఈ సన్నదనమే దాని గొప్ప అని అందరును తలచిరి. అంతకన్న గొప్ప మార్పు మరొకటి కలదు. స్ప్రింగు రేకును ఫోను వైపునుండి తీసి తీగ వైపునకు మార్చినారు. నిలుకడను 10,000 మారులకు పెంచినారు.

ఇది మన పల్లెలకు తెలియని తెలివి కాదు. రోకలి చివర ఇనుప పొన్ను వేయుట పాత అలవాటు. దంపిన కొలది అరుగునది పొన్ను. అది అరిగినప్పుడు కమ్మరి వద్ద క్రొత్త పొన్ను వేయించుకొందురేగాని రోకలిని పారవేయరు. రెండు వస్తువులు ఒరయుచోట ఏదో ఒకటి అరుగక తప్పదు. ఆ అరుగుదలను చవుకైన దానిమీదికి మళ్ళించుటయే పనివాని నేర్పు. తీగ ధర కొద్ది రూపాయలు; ఫోను ధర వేల రూపాయలు.

కాలము కూడ కలిసివచ్చినది. చార్జరు వైపు కొన యు.ఎస్.బి. ఆకారముననే ఉండవలెనని చైనా 2006 చివర ప్రమాణము ప్రకటించినది. 2009 జూనులో ఐరోపా కమిషను ప్రోద్బలముపై 10 సంస్థలు, ఫోను వైపు మైక్రో కొనను వాడుదుమని ఒడంబడిక చేసికొన్నవి. ఆ యేడు అక్టోబరులో అంతర్జాతీయ టెలికమ్యూనికేషను సంఘమును దానినే ఆమోదించినది. ముప్పది రకములు మూడుకు దిగినవి.

అయినను మైక్రోకు దాని కష్టములు దానికున్నవి. చీకటిలో తలక్రిందులుగా నెట్టినవారు, పిల్లల చేతిలో ప్రక్కకు వంగినవి, లోపలి బోర్డు మీది అతుకు ఊడినవి – ఫోనులు బాగుచేయువారికి ఇది నిత్యము చూచు జబ్బే. పైగా విద్యుత్తు చాలదు. నాటి చార్జింగు ప్రమాణము ఇచ్చినది 5 వోల్టుల వద్ద 1.5 ఆంపియరు, అనగా 7.5 వాట్లు. తెరలు, బ్యాటరీలు పెద్దవైన కొలది ఇది ఆకలికి చాలని అన్నమైనది.

2014 ఆగస్టులో టైప్-సి ప్రమాణము వెలువడినది. పైన 12, క్రింద 12, మొత్తము 24 స్పర్శలు. ఎటు పెట్టినను ఎక్కును. ఒకనాడు ఖర్చని విడిచిన సదుపాయము, సర్క్యూట్లు చవుకైన తరువాత సాధ్యమైనది. మొదట 100 వాట్ల వరకు, 2021 నుండి 240 వాట్ల వరకు విద్యుత్తు నందించుటకు వీలు కలిగినది. కనుక ల్యాప్‌టాపులును ఈ తీగ క్రిందికే వచ్చినవి. ఇందులోను ఫోను వైపున కదలని నాలుక మాత్రమే ఉండును. వంగు స్ప్రింగులు ప్లగ్గులో ఉండును. పాత సూత్రము మారలేదు.

దీనికి ఎదురుగా నిలిచినది 2012లో ఆపిల్ సంస్థ తెచ్చిన లైటెనింగ్ కొన. టైప్-సి కన్న రెండేండ్లు ముందే అది ఎటు పెట్టినను ఎక్కెడిది. దాని ప్లగ్గు గట్టి పలక. విరుగుటకు సన్నని నాలుక ఫోనులో లేదు. కాని స్ప్రింగులు ఫోను లోపల ఉండెను. ఏది మేలన్న వాదమునకు రెండు వైపులను న్యాయము కలదు. తుదకు తీర్పు చెప్పినది చట్టము. 2022 నవంబరులో ఐరోపా సమాఖ్య చేసిన శాసనము ప్రకారము 2024 డిసెంబరు 28 నుండి ఫోనులు, టాబ్లెట్లు, కెమేరాలు మొదలగువానికి టైప్-సి విధి. ల్యాప్‌టాపులకు గడువు 2026 ఏప్రిల్ 28. ఆపిల్ సంస్థ 2023 సెప్టెంబరులోనే తన ఐఫోను 15లో టైప్-సి పెట్టినది. మన దేశములో భారతీయ ప్రమాణాల సంస్థ 2023 జనవరిలో టైప్-సికి భారత ప్రమాణమును వెలువరించినది.

శాసనమునకు చూపిన కారణము చెత్త. పారవేసినవి, వాడక మూలబడినవి కలిపి ఐరోపాలో ఏటేట 11,000 టన్నుల చార్జరులు వ్యర్థమగుచున్నవని కమిషను అంచనా. అయితే ఆకారమొకటైనంత మాత్రాన గుణమొకటి కాదు. చూపునకు ఒకేవిధముగా ఉన్న రెండు టైప్-సి తీగలలో ఒకటి 60 వాట్లకే తగినది, మరొకటి 240 వాట్లకు తగినది కావచ్చును. కొనునప్పుడు దానిపై వ్రాసిన అంకె చూచుట మేలు.

ఇంకొక మాట. ఫోను సరిగా చార్జి కానప్పుడు వెంటనే దానిని దుకాణమునకు కొనిపోవుట పలువురి అలవాటు. ముందుగా వేరొక మంచి తీగను పెట్టి చూడుడు. అరుగవలసినది తీగయే అని దానిని కల్పించినవారే నిర్ణయించినారు.