సిర్ దర్యా నది: ఒకే నీరు, రెండు కాలాలు

మధ్య ఆసియా చరిత్రను అర్థం చేసుకోవాలంటే అక్కడి రెండు పెద్ద నదులను తెలుసుకోవాలి. అవి ఆము దర్యా, సిర్ దర్యా. ఈ భాగంలో మీరు సిర్ దర్యాను గురించి చదువుతారు. చదివేటప్పుడు ఒక ప్రశ్నను మనసులో ఉంచుకోండి: నదిలో ఎంత నీరు ఉందన్నదే ముఖ్యమా, అది ఏ నెలలో వస్తుందన్నది కూడా ముఖ్యమా?

నదీ మార్గం

అట్లాసులో ఫెర్గానా లోయను గుర్తించండి. తియాన్‌షాన్ పర్వత ప్రాంతం నుంచి వచ్చే నారిన్, కారా దర్యా నదులు ఇక్కడ కలిసి సిర్ దర్యాగా మారుతాయి. అక్కడినుంచి ఈ నది ఉజ్బెకిస్తాన్, తజికిస్తాన్, కజకిస్తాన్‌ల గుండా సుమారు 2,200 కి.మీ. ప్రవహించి ఉత్తర అరల్ సముద్రాన్ని చేరుతుంది. ప్రాచీన గ్రీకులు దీనిని జక్సార్టెస్ అనీ, అరబ్బులు సైహున్ అనీ పిలిచారు.

పరీవాహక మైదానాలలో వర్షపాతం తక్కువ. నదికి నీరు ప్రధానంగా కరిగే మంచు నుంచి వస్తుంది. అందువల్ల వసంతం, వేసవి నెలలలో నది నిండుగా ఉంటుంది. పైరుకు నీరు కావలసిన కాలం కూడా అదే. ఈ అనుకూలత వల్లనే ఇక్కడ ప్రాచీన కాలం నుంచి కాలువల కింద సేద్యం సాగింది. వంతుల ప్రకారం నీరు పంచే బాధ్యత ‘మిరాబ్’ అనే నీటి పెద్దది.

పత్తి విస్తరణ

సోవియట్ ప్రభుత్వం ఈ ప్రాంతాన్ని పత్తి క్షేత్రంగా మార్చింది. 1939లో సుమారు 1,60,000 మంది నెలన్నర రోజులలో దాదాపు 270 కి.మీ. పొడవైన గ్రేట్ ఫెర్గానా కాలువను తవ్వారు. తరువాత బీడు మైదానాలు కూడా సాగులోకి వచ్చాయి. సిర్ దర్యా, ఆము దర్యాల నీటిని సేద్యానికి అతిగా మళ్లించడంతో 1960 తరువాత అరల్ సముద్రం కుంచించుకుపోయి, 1980ల చివరకు రెండుగా చీలింది.

టోక్టోగుల్ వివాదం

కిర్గిజ్‌స్తాన్‌లో నారిన్ నదిపై 1970లలో నిర్మించిన టోక్టోగుల్ జలాశయం సామర్థ్యం 19.5 బిలియన్ ఘనపు మీటర్లు, అంటే దాదాపు 690 టి.ఎం.సి. సోవియట్ కాలంలో కిర్గిజ్‌స్తాన్ చలికాలంలో నీటిని నిల్వచేసి వేసవిలో దిగువ పొలాలకు వదిలేది. బదులుగా దిగువ రిపబ్లిక్‌ల నుంచి దానికి బొగ్గు, గ్యాస్ అందేవి.

1991లో సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమైంది. ఇంధనం మార్కెట్ ధరకు కొనవలసి రావడంతో కిర్గిజ్‌స్తాన్ చలికాలంలోనే నీరు వదిలి విద్యుత్తు తయారుచేసుకోసాగింది. ఫలితంగా వేసవిలో దిగువ పొలాలకు నీరు తగ్గింది. చలికాలంలో గడ్డకట్టిన నది ఆ ప్రవాహాన్ని మోయలేక దిగువన వరదలు వచ్చాయి. 1998లో ఒప్పందం కుదిరినా అది సక్రమంగా అమలు కాలేదు.

గమనించండి: ఇక్కడ ఏ దేశం అవసరమూ అన్యాయమైనది కాదు. ఒకరికి చలికాలంలో వెలుగూ వెచ్చదనమూ కావాలి, మరొకరికి వేసవిలో పంట కావాలి. ఒకే రాజ్యంలో సర్దుబాటుగా ఉన్నది, సరిహద్దులు ఏర్పడగానే వివాదమైంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: 1991కి ముందూ తరువాతా టోక్టోగుల్ నీటి విడుదలలో వచ్చిన మార్పును, దానికి గల కారణాలను పది పంక్తులలో వివరించండి.