పలువరుసను దిద్దిన లోహము

పాలపండ్లు రాలి కొత్తవి మొలచునప్పుడు కొందరు పిల్లలకు అవి ఎగుడుదిగుడుగా వచ్చును. వానిని వరుసకు తెచ్చుటకు దంతవైద్యులు పండ్లకు సన్నని లోహపు తీగను అమర్తురు. ఇందుకు నేడు విరివిగా వాడు తీగలలో నిటినాల్ ఒకటి. ఇది నికెలు, టైటానియముల మిశ్రలోహము. దీనిని కనుగొన్నవారు పిల్లల పండ్ల నెన్నడును తలపలేదు. వారికి కావలసినది క్షిపణి ముక్కునకు తగిన లోహము!

అమెరికాలోని మేరీలాండు రాష్ట్రమున నౌకాదళ ఆయుధ పరిశోధనశాల యుండెను. 1959లో అచట విలియం బ్యూలర్ అను లోహశాస్త్రజ్ఞుడు ఈ మిశ్రమమును పరిశీలించుచు, కరగించి తయారుచేసిన కడ్డీలను నేలపై జారవిడిచి చూచెను. వెచ్చనివి గంటవలె మ్రోగినవి. చల్లారినవి సీసపుముద్దవలె ధబ్బుమన్నవి. చల్లనివానిని మరుగు నీటిలో ఉంచి మరల పడవేయగా అవియు మ్రోగినవి. వేడిచే లోహములోని పరమాణువుల అమరిక మారుచున్నదనుటకు ఇది మొదటి సూచన.

1961లో ఆ సంస్థ అధికారుల సమావేశమున ఈ లోహపు పట్టీ నొకదానిని మడతలు మడతలుగా వంచి, అందరికిని చూపిరి. డేవిడ్ మజీ అను అధికారి తన పైపును ముట్టించుకొను లైటరును దాని చెంత వెలిగింపగా, మడతలు వీడి పట్టీ చక్కగా సాగెను! చల్లగా నున్నప్పుడు వంచినను, వేడి తగులగానే పూర్వపు రూపమును పొందు ఈ గుణమును ఆకార స్మృతి యందురు. ఇట్లు పరిసరముల మార్పునకు స్పందించు పదార్థములకు స్మార్టు పదార్థములని పేరు.

ఇక పండ్ల సంగతి. అంతకుముందు దంతవైద్యులు ముఖ్యముగా స్టీలు తీగలను వాడుచుండిరి. స్టీలు బిరుసైనది. బిగించినప్పుడు ఒత్తిడి హెచ్చుగా నుండును. పన్ను కొంచెము జరుగగానే అది సన్నగిల్లును. అప్పుడు బిడ్డ మరల వైద్యుని యొద్దకు పోవలెను. మితిమీరిన ఒత్తిడి పంటి వేరునకు హాని చేయవచ్చును. కావున కొద్దిపాటి ఒత్తిడి చాలకాలము నిలుచుట మేలు.

అయోవా విశ్వవిద్యాలయమునకు చెందిన జార్జి ఆండ్రియాసెన్ ఈ అవసరమునకు నిటినాల్ తగునని గుర్తించి, 1971లో తన పరిశీలనను ప్రకటించెను. దాని బిరుసు స్టీలు బిరుసులో సుమారు 5వ వంతు మాత్రమే. తొలి తీగలలో ఉపయోగపడినది ఆకార స్మృతి కాదు. ఎంత వంచినను విరుగక మెల్లగా వెనుకకు వచ్చు గుణమే. నోటి వెచ్చదనమునకే చురుకు పొందు తీగలు 1990 తరువాత వాడుకలోనికి వచ్చినవి.

అయితే నిటినాల్ బరువులో సగమునకు పైగా నికెలే. నికెలు పడని పిల్లలును కలరు. అట్టివారికి నికెలు లేని టైటానియం, మాలిబ్డినముల తీగ కలదు. అది 1980లో వెలువడినది.

సమావేశమున పట్టీ సాగిన నాటికిని, ఆండ్రియాసెన్ ప్రకటనకును నడుమ 10 సంవత్సరములు గడచినవి. లోహము మారలేదు. పిల్లల పంటికి ఎంత ఒత్తిడి తగునో ఎరిగినవాడు దానిని చూచుటయే ఆలస్యమైనది. కొత్త పదార్థము ఎంత వింతయైనను, బిడ్డ శరీరమునకు ఏమి కావలెనో, ఏమి పడదో మొదట విచారించిననే అది బిడ్డకు పనికివచ్చును. సైన్సు తరగతిలో లోహముల గుణములు చెప్పునప్పుడు ఈ కథను కూడ చెప్పదగును.