కొండదుప్పియు విలుకాడును

ఉత్తర అమెరికాఖండమున, పడమటి భాగమందు, రాకీ పర్వతములు ఉత్తరమునుండి దక్షిణమునకు కోటగోడవలె సాగియున్నవి. సెప్టెంబరు మాసము వచ్చుటతోడనే అచ్చటి లోయలలో వేకువజామున ఒక వింతధ్వని వినవచ్చును. పిల్లనగ్రోవి ఊదినట్లు సన్నగా మొదలై, పైకెగసి, కడపట గుఱగుఱమని తెగిపోవును. అది మగదుప్పి కేక. తన మందను సమీపింపవలదని తోడి మగదుప్పులకు అది చేయు హెచ్చరిక. షానీలను ఆదిమజాతివారు ఈ మృగమును 'వాపిటీ' యనిరి. తెల్లని పిఱుదు గలది యని యర్థము. ఐరోపానుండి వచ్చి స్థిరపడినవారు తమ దేశమందలి వేఱొక మృగము పేరు దీనికి తగిలించి 'ఎల్కు' అని పిలిచిరి. మన నల్లమలయందలి కణితికి ఇది జ్ఞాతియే గాని, ఆకారమున మిక్కిలి పెద్దది. మగది భుజముకడ ఐదడుగుల యెత్తుండి, మున్నూరు కిలోగ్రాములకు పైగా తూగును.

ఈ మాసమందే, తుపాకివారికంటె ముందుగా, విలుకాండ్రకు అచ్చటి రాష్ట్రప్రభుత్వములు వేటకు అనుమతి నిచ్చుచున్నవి. తుపాకులకు కొదువలేని దేశమున విల్లునకు ప్రత్యేకముగా ఒక ఋతువు నేల కేటాయించిరి? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుచు పోయినచో, నశింపనున్న యొక మృగజాతి మరల బ్రతికిన కథయు, నశించిన యొక మనుష్యజాతి మరల బ్రతుకని కథయు ఒక్కచోట కలియును.

ఐరోపావారు రాకపూర్వము ఆ ఖండమున సుమారు కోటి వాపిటీలు ఉండెనని శాస్త్రజ్ఞుల యంచనా. లూయిస్, క్లార్కు అను అన్వేషకులు 1805-06 చలికాలమును పసిఫిక్ తీరమున గడపినప్పుడు, ఆ కొలది నెలలలోనే వారి బృందము నూటికి పైగా వాపిటీలను చంపి, ఆ మాంసముతో ప్రాణము నిలుపుకొనెను. ఆ తోళ్లతో చెప్పులు కుట్టుకొనెను. అది అక్కఱకొఱకు చేసిన వేట. తరువాతి కాలమున వేట వర్తకమయ్యెను. మాంసమును తోళ్లను నగరములకు చేర్చుటకు రైలుమార్గములు వచ్చెను. వెంటవెంట ప్రేలు తుపాకులు వచ్చెను. ఈ మృగము పైదవుడయందు దంతపుసొగసుగల రెండు కోరలుండును. వానిని గడియారపు గొలుసులకు వ్రేలాడదీయుట ఒక వేడుక కాగా, ఆ రెండు కోరలు పెఱికికొని మిగిలిన కళేబరమును కొండపై విడిచిపోయినవారును గలరు. తూర్పుప్రాంతపు వాపిటీజాతి 19వ శతాబ్దాంతమునకు పూర్తిగా అంతరించెను. 20వ శతాబ్ది తొలినాళ్లకు ఖండమంతటను లక్షకంటె తక్కువ మృగములే మిగిలెను.

అప్పుడు గాని శాసనము మేలుకొనలేదు. 1872లో ఏర్పడిన యెల్లోస్టోను జాతీయవనమున 1894నాటి శాసనముచే వేట నిషిద్ధమయ్యెను. చట్టవిరుద్ధముగా చంపిన మృగముల మాంసమును ఒక రాష్ట్రమునుండి మఱియొక రాష్ట్రమునకు అమ్మరాదని 1900లో లేసీ శాసనము విధించెను. 1912లో వయోమింగురాష్ట్రమందలి జాక్సనులోయయందు ఈ మృగములకే ఒక శీతకాలాశ్రయము నిర్మించిరి. యెల్లోస్టోను మందలనుండి వేలకొలది వాపిటీలను పట్టి, అవి నశించిన రాష్ట్రములకు పంపిరి. మృగము మెల్లగా కొండలకు మరలివచ్చెను.

ఇక విల్లు ఎట్లు మరలివచ్చెనో వినుడు. కాలిఫోర్నియాలో లాసెన్ పర్వతపు పాదభూములయందు యాహీలను చిన్నతెగ యొకటి నివసించుచుండెను. 1848లో అచ్చట బంగారము బయటపడినపిదప వలసవచ్చినవారు వారి వేటభూముల నాక్రమించి, 1860వ దశకమున గుంపులుగా వెళ్లి వారిని కాల్చి చంపిరి. మిగిలిన కొలదిమంది నలువది యేండ్లు గుహలలో పొదలలో దాగి, పొగ కనబడకుండ వంటచేసికొని, అడుగుజాడ పడకుండ రాతినుండి రాతికి నడచి బ్రతికిరి. తుపాకి ప్రేలిన శత్రువు వినును. అల్లెత్రాడు మ్రోగిన వినడు. వారి బ్రతుకంతయు విల్లుపై నాధారపడియుండెను. తుదకు మిగిలినవా డొక్కడే. 1911 ఆగస్టు 29వ తేదీని ఆరోవిల్ అను ఊరి సమీపమున ఆకలిగొన్న ఆ యొంటరిమనిషి ప్రజలకు కనబడెను. తన పేరు తాను చెప్పుకొనుట వారి యాచారము గాదు; కావున మానవశాస్త్రజ్ఞుడైన క్రోబరు అతనిని 'ఇషీ' యని పిలిచెను. ఆ భాషలో ఇషీ యనగా మనుష్యు డని యర్థము.

అతనిని శాన్‌ఫ్రాన్సిస్కోలోని విశ్వవిద్యాలయపు ప్రదర్శనశాలలో ఉంచిరి. చెంతనున్న వైద్యశాలలో సాక్స్‌టన్ పోప్ అను శస్త్రవైద్యుడు అతనికి మిత్రుడై, శిష్యుడయ్యెను. మృగపుస్నాయువును వెనుక అంటించి విల్లు చేయుట, రాతిని పొరలుపొరలుగా చెక్కి అలుగు తీయుట, మృగము తనంత తానే దగ్గఱకు వచ్చునట్లు దాని కూతను అనుకరించుట, గాలికి ఎదురై కదలక కూర్చుండుట ఇషీ నేర్పెను. మన భారతమున నిషాదుడైన ఏకలవ్యుడు ఆచార్యుని ప్రతిమముందు విద్య నభ్యసించెను. ఇచ్చట అడవిబిడ్డడే గురువు, నాగరకుడు శిష్యుడు. గురుదక్షిణమాత్రము ముందుగనే, ఒక తెగ యంతటి రూపమున, బలవంతముగా తీసికొనబడియుండెను.

1916 మార్చి 25వ తేదీని ఇషీ క్షయరోగముతో మరణించెను. చితిలో అతని విల్లును, అయిదు బాణములను అతనితో ఉంచిరి. కాని అతని జాత్యాచారమునకు విరుద్ధముగా మెదడును వేఱుచేసి ప్రదర్శనశాలకు పంపిరి. అది 2000 సంవత్సరమున గాని అతనికి బంధుజాతులైనవారి చేతికి రాలేదు.

పోప్ తన మిత్రుడు ఆర్థర్ యంగుతో గూడి ఆ విద్యను విడువక సాధించెను. 1923లో విలువేటనుగూర్చి ఆయన వ్రాసిన గ్రంథమును చదివి, పలువురు యువకులు విల్లు చేపట్టిరి. 1934లో విస్కాన్సిను రాష్ట్రము దుప్పివేటకు విలుకాండ్ర ఋతువును ప్రత్యేకముగా ఏర్పఱచెను. తక్కిన రాష్ట్రములును క్రమముగా ఆ మార్గమును పట్టెను. పడమటి కొండరాష్ట్రములలో వాపిటీవేటకును అట్టి ఋతువు లభించెను.

ఇందలి న్యాయము తేటయైనది. తుపాకివాడు మున్నూరు గజముల దూరమునుండి కొట్టగలడు. విలుకాడు ముప్పది, నలువది గజముల లోపలికి పోవలెను. వేకువను చల్లనిగాలి కొండమీదినుండి లోయకు దిగును. ఎండ కాగినకొలది గాలి లోయనుండి పైకెక్కును. ఈ మార్పు నెఱుగనివాని వాసన ముందుగా మృగమునకు చేరును. ఆ దినపు వేట ముగియును. కావున విలుకాండ్రలో పెక్కుమంది వట్టిచేతులతో ఇల్లు చేరుదురు. మంద తఱుగదు; వేడుక మిగులును. మగదుప్పులు కూయు కాలమున, కూతకు కూత కలిపి వానిని చేరరప్పింపవచ్చును గనుక, ఈ బలహీనాయుధమునకు తొలిఋతువు నిచ్చిరి.

ఐనను ఇందు పాపభీతి లేకపోలేదు. బాణము గుండుదెబ్బవలె కూల్చదు, రక్తస్రావముచే చంపును. గుఱి తప్పినచో గాయపడిన మృగము పొదలలో పడి వృథాగా చచ్చును. తగిలినపిమ్మటను వేటగాడు వెంటనే వెంబడింపక, కొంతసేపు నిలిచి, పిదప నెత్తురుచాఱల వెంట ఓపికతో నడువవలెను. తొలిఋతువున ఎండ మెండు. మాంసము త్వరగా చెడును. దానిని వెంటనే కోసి, చల్లార్చి, మైళ్లకొలది మోసికొనిపోవలెను. అట్లు చేయలేనివాడు బాణము విడువకుండుటయే ధర్మము.

1966లో హోలిస్ ఆలెన్ అను నాతడు కప్పీలతో లాగబడు విల్లునకు హక్కుపత్రము కోరెను. 1969లో అది లభించెను. అప్పటినుండి విల్లు దినదినము బలవంతమగుచున్నది. వేటసామగ్రిపై పన్ను విధించి, ఆ ధనమును మృగరక్షణకు వినియోగించు శాసనము 1937లోనే పుట్టెను. 1972లో చేసిన సవరణచే విలుసామగ్రికిని ఆ పన్ను వర్తించెను. నేడు ఆ ఖండమున వాపిటీలు సుమారు పదిలక్షలు గలవు. ఇది మనుష్యుడు తన చేతిని తానే కట్టుకొన్నందువలన కలిగిన ఫలము.

విల్లునకు తొలిఋతువు లభించినది అది గొప్ప ఆయుధ మగుటచేత గాదు, అల్పాయుధ మగుటచేత. యంత్రబలముచే అది తుపాకికి సాటి వచ్చుదినమున, ఆ మన్ననకు ఆధారమే యుండదు. కొండలలో ఆ కేక ఏటేట వినబడుచుండవలె నన్నచో, ఇషీ నేర్పిన ఓర్పు విల్లుతోగూడ నిలిచియుండవలెను.