వంతపాటకు వెల: చైనాలో బిలిబిలి ఎదిగిన తీరు

బుర్రకథలో కథకునికి ఇరుపక్కలా నిలిచే వంతల గురించి పాఠం చెప్పేటప్పుడు నేనొక మాట తప్పకుండా అంటాను. వంతపాడడమనే మాట నేడు నిందగా మారిపోయింది గాని, అసలు వంతల పని ఔననడం మాత్రమే కాదు. హాస్యపు వంత కథను ఆపి ఎకసక్కెమాడతాడు. రాజకీయపు వంత ఆనాటి రాజును ఈనాటి ప్రభువుల పక్కన నిలబెట్టి చూపుతాడు. ఇది విన్న ఒక విద్యార్థి, "చైనాలో బిలిబిలి అనే చోట వీడియో చూసేవాళ్ళంతా ఇట్లా వంతలేనండీ" అన్నాడు. ఆ మాట పట్టుకుని చదవడం ప్రారంభించాను. చదివినకొద్దీ ఇది యంత్రాల చరిత్ర కాదనీ, వంతల శ్రమ ఎవరి ఆస్తి అయిందన్న చరిత్ర అనీ నాకు తోచింది.

ఈ పద్ధతికి పుట్టిల్లు జపాను. నడుస్తున్న బొమ్మ మీదుగా ప్రేక్షకుల వ్యాఖ్యలు కుడి నుండి ఎడమకు పరుగెత్తే ఏర్పాటును 2006 చివర మొదలైన నికోనికో ప్రచారంలోకి తెచ్చింది. చైనాలో 2007లో వెలసిన ఏసీఫన్ దానిని అనుసరించింది. చైనీయులు ఈ వ్యాఖ్యలకు పెట్టిన పేరు దాన్‌మూ. ఫిరంగి గుళ్ళు తెరకట్టినట్లు కురవడాన్ని చెప్పే మాట అది. ఏసీఫన్ తరచు మూలపడుతుండేది. దాని సభ్యుడే అయిన షు యీ అనే ఇరవైయేళ్ళ యువకుడు విసిగి, 2009 జూన్‌లో మికుఫాన్స్ అనే పేరుతో మరొక చోటు కట్టుకున్నాడు. 2010 జనవరి 24న దానికి బిలిబిలి అని పేరు మారింది. ఒక జపాను బొమ్మల కథలోని బాలిక ముద్దుపేరు అది. ఇందులో వ్యాపార దృష్టి కంటే పిల్లచేష్ట ఎక్కువని ఎవరికైనా తెలుస్తుంది.

ఈ వ్యాఖ్యలో ఒక విశేషమున్నది. అది రాసిన గడియకు కాక, కథలోని గడియకు అంటిపెట్టుకుని వుంటుంది. నిరుడు ఒకడు ఏ ఘట్టం దగ్గర నవ్వాడో, ఈ రాత్రి అదే ఘట్టం దగ్గర మరొకనికి ఆ నవ్వు కనిపిస్తుంది. హాస్టలు గదిలో ఒంటరిగా కూర్చున్న విద్యార్థికి చుట్టూ జనమున్నట్లు వుంటుంది. ఇది ఉత్త భ్రమ అని కొట్టివేయడానికి నేను సిద్ధంగా లేను. పాత పుస్తకం అంచున మనకు ముందు చదివినవాడు రాసిపెట్టిన మాట చూసి ముచ్చటపడని చదువరి వున్నాడా? అయితే ఇక్కడ వంత కావడానికి పరీక్ష రాయాలి. నూరు ప్రశ్నలు, అరవై మార్కులు రావాలి. మన పరీక్షల పేరెత్తితే పారిపోయే పిల్లలు ఆ పరీక్షను ఇష్టపడి రాశారంటే ఉపాధ్యాయులమైన మనం కాస్త సిగ్గుపడవలసినదే.

ఆ పిల్లలు బొమ్మల కథలే చూశారనుకోవడం పొరపాటు. 2016లో చైనా ప్రభుత్వ టెలివిజన్ పాత రాజప్రాసాదంలో గడియారాలనూ పటాలనూ బాగుచేసే పనివాళ్ళ మీద మూడు భాగాల చిత్రం ప్రసారం చేసింది. దానిని నెత్తిన పెట్టుకున్నవాళ్ళు బిలిబిలిలోని యువకులే. తుప్పు పట్టిన పళ్ళచక్రం మీద ఓపికగా పనిచేసే చేతులను చూసి ఆ పిల్లలు మురిసిపోయారు. 2020లో లువో షియాంగ్ అనే న్యాయశాస్త్ర ఆచార్యుడు అక్కడ శిక్షాస్మృతి పాఠాలు చెప్పి లక్షలమంది శ్రోతలను సంపాదించాడు. (నా తరగతిలో నలభైమంది కుదురుగా కూర్చుంటే అదే పదివేలు.)

ఇంతలో పెట్టుబడి ప్రవేశించింది. సాంకేతిక వ్యాపారంలో ఆరితేరిన చెన్ రూయి 2014లో సారథ్యం వహించాడు. బొమ్మల కథలకు ముందు ప్రకటనలు తగిలించమని ఆయన మాట ఇచ్చాడు. మరి రాబడి ఎక్కడిది? 2017లో కంపెనీ ఆదాయంలో నూటికి 83 వంతులు ఫోను ఆటల నుండి వచ్చినవే. వీడియోలు జనాన్ని చేర్చే పందిరి, అంగడి ఆటలది. 2018 మార్చి 28న న్యూయార్కులోని నాస్‌డాక్ సంతలో వాటా 11.50 డాలర్ల చొప్పున అమ్మి సుమారు 48 కోట్ల డాలర్లు సేకరించారు. అదే ఏడు టెన్సెంట్, 2019లో అలీబాబా, 2020లో 40 కోట్ల డాలర్లతో జపాను సోనీ వాటాలు కొన్నవి. నెలకు 8 కోట్లకు లోపుగా వున్న ప్రేక్షకులు 2021 చివరికి 27 కోట్లయ్యారు. ఆ ఏడాది నష్టం 680 కోట్ల యువాన్లు. నష్టపోతున్నదానికి ఇంత గిరాకీ ఎందుకంటే, మదుపుదారులు కొన్నది నాటి లాభాన్ని కాదు, ఆ వంతల గుంపును. జీతం బత్తెం లేకుండా ఏళ్ళ తరబడి వ్యాఖ్యలు రాసి ఆ చోటికి ప్రాణం పోసినవాళ్ళు ఆ సంతలో సరుకుగా నిలబడ్డారు.

2020 మే 3న జరిగిన సంగతి ఇక్కడ వివరంగా చెప్పాలి. మరునాడు యువజన దినం. 1919 మే 4న పెకింగు విద్యార్థులు వీధుల్లోకి వచ్చిన రోజది. లూ షున్ వాడుకభాషలో కథలు రాయనారంభించిన కాలమది. ఇక్కడ గిడుగువారు పండితులతో పోరాడుతున్న కాలం కూడా అదే. అటువంటి దినాన్ని పురస్కరించుకుని బిలిబిలి 'వెనుక అలలు' అనే ప్రసంగచిత్రం విడుదల చేసింది. యాంగ్జీ నదిలో వెనుక అల ముందు అలను తోస్తుందన్న సామెత నుండి వచ్చిన పేరు. హ బింగ్ అనే నడివయసు నటుడు తెర మీద నిలబడి, మీకు ఎంచుకునే హక్కు దక్కింది, మిమ్మల్ని చూస్తే అసూయగా వున్నదని యువకులను పొగుడుతాడు. వెనుక ఆకాశం నుండి దూకేవాళ్ళూ, దేశాలు తిరిగేవాళ్ళూ కనిపిస్తారు. ప్రభుత్వ టెలివిజన్ కూడా వార్తలకు ముందు దానిని వేసింది.

యువకులు మెచ్చుకున్నారు, తిరగబడ్డారు కూడా. ఆ బొమ్మలో ఫ్యాక్టరీ వరుసలో నిలబడే పిల్ల ఏది? బండి మీద అన్నం పొట్లాలు మోసే కుర్రవాడేడి? ఇంటద్దె కట్టలేనివారు ఎంచుకునేది దేనిని? అని నిలదీశారు. అదే మే 28న ప్రధానమంత్రి లీ కచియాంగ్ పత్రికలవారితో మాట్లాడుతూ, దేశంలో 60 కోట్లమంది నెలసరి ఆదాయం సుమారు వెయ్యి యువాన్లేనన్నాడు. వంత అంటే కథను ఆపి ప్రశ్నించేవాడు కూడానన్న సంగతి ఆ నెలలో రుజువైందని నా అభిప్రాయం. పొగడ్తను ప్రశ్నగా మార్చినవాళ్ళు విమర్శకులు కారు, ఎవరిని పొగిడారో వాళ్ళే.

అయితే వంతల నోటికి కాపలా వున్నది. 2017 జూలైలో విదేశీ చిత్రాలు ఎన్నో ఒక్కసారిగా మాయమైనవి. కోట్ల వ్యాఖ్యలనూ వీడియోలనూ జల్లెడపట్టడానికి రాత్రింబవళ్ళు మనుషులే కావాలి. 2022 ఫిబ్రవరిలో, వసంతోత్సవపు సెలవుల్లో, వూహాన్‌లో అటువంటి పనిచేసే ఒక యువ ఉద్యోగి మెదడులో రక్తనాళం చిట్లి మరణించాడు. అధిక శ్రమ చేయించారని ఆరోపణ వచ్చింది. అతని పనిగంటలు మామూలువేనని కంపెనీ అన్నది. అంటూనే, మరో వెయ్యిమందిని ఆ పనిలోకి తీసుకుంటామని ప్రకటించింది.

2024 చివరి మూడు నెలల లెక్కల్లో బిలిబిలి తొలిసారిగా నికరలాభం చూపింది. ఆదాయపు పట్టికలో చందాలు, కానుకలు ఒక పద్దు, ప్రకటనలు ఒకటి, ఆటలు ఒకటి, బొమ్మల సరుకుల అమ్మకం మరొకటి. వ్యాఖ్యల పేరుతో పద్దేదీ లేదు.