నల్ల చుక్క చెప్పిన చరిత్ర

పోయిన వర్షాకాలంలో మా చెల్లికి చలిజ్వరం వచ్చింది. రక్తపరీక్ష చేస్తే మలేరియా అన్నారు. అప్పటికే పిల్ల బాగా పాలిపోయింది. "ఈ మాయదారి జ్వరం ఒంట్లో రక్తం తినేస్తుంది" అంది మా నాన్నమ్మ. అది ఊరికే అనే మాట అనుకున్నాను. మలేరియా చరిత్ర చదివాక అది అక్షరాలా నిజమని తెలిసింది.

1880లో అల్జీరియాలో లావెరాన్ అనే ఫ్రెంచి సైనిక వైద్యుడు మలేరియా రోగి రక్తంలో ఒక ఏకకణ జీవిని కనిపెట్టాడు. దాని లోపల నల్లని రేణువులు ఉన్నాయి. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ ఒక దోమ కడుపును కోసి సూక్ష్మదర్శినిలో చూశాడు. అక్కడా అవే నల్ల రేణువులు! అది హుసేన్ ఖాన్ అనే రోగిని కుట్టిన దోమ. కుట్టనిచ్చినందుకు రాస్ అతనికి దోమకి ఒక అణా చొప్పున ఇచ్చాడు. ఆ నల్ల చుక్కల గుర్తుతోనే మలేరియాకి, దోమకి సంబంధం దొరికింది. 1902లో రాస్‌కి నోబెల్ బహుమతి వచ్చింది.

ఇంతకీ ఆ నల్ల చుక్క ఏమిటి? ఈ పరాన్నజీవి ఎర్ర రక్తకణంలోకి దూరి, అందులోని హిమోగ్లోబిన్‌ను తిని, అమైనో ఆమ్లాలుగా విడగొడుతుంది. వాటిని వాడుకుంటూ పెరుగుతుంది. మిగిలిపోయిన హీమ్ దానికే విషం. అందుకే దాన్ని నల్లటి స్ఫటికాలుగా మార్చి పక్కన పెడుతుంది. అంటే రాస్ చూసింది దాని ఎంగిలి విస్తరి అన్నమాట! క్లోరోక్విన్ మందు ఈ స్ఫటికాలు కట్టకుండా అడ్డుపడుతుంది.

ఇంకో విచిత్రం ఉంది. పెద్దవాళ్ల హిమోగ్లోబిన్‌లో ఐసోల్యూసిన్ అనే అమైనో ఆమ్లం అసలు లేదు. దాన్ని మాత్రం పరాన్నజీవి బయట రక్తద్రవం నుంచి తెచ్చుకోవాలి. 1976లో న్యూయార్క్‌లో ట్రేగర్, జెన్సెన్ అనే శాస్త్రవేత్తలు ఈ జీవిని ప్రయోగశాలలో మనిషి రక్తకణాలలో నిరంతరం పెంచగలిగారు. వాళ్లు వాడిన పోషకద్రవంలో ఐసోల్యూసిన్ ఉంది. అది తీసేస్తే ఏమవుతుందో తర్వాత పరీక్షించారు. పరాన్నజీవి వెంటనే చావలేదు. పెరుగుదల తగ్గించుకుని నిద్రపోయినట్టు ఉండిపోయింది. మళ్లీ ఇస్తే మళ్లీ పెరిగింది. ఎంత మొండిదో చూడండి!

జ్వరం తగ్గగానే మా చెల్లి మాత్రలు మానేస్తానని పేచీ పెట్టింది. అమ్మ బతిమాలి అన్నీ మింగించింది. ఎందుకు మింగాలో అప్పుడు నాకు చెప్పడం రాలేదు. ఇప్పుడు చెప్పగలను: లోపల కొన్ని మిగిలినా చాలు, అవి మళ్లీ రక్తం తిని పెరుగుతాయి.

ఈ వ్యాసం చదివి వినిపిస్తే నాన్నమ్మ నవ్వింది. "నేను ముందే చెప్పానా లేదా?" అంది.