షికాగోకు లాగ్ పట్టికల దారి

షంషాబాద్ విమానాశ్రయం 17.24 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 78.43 తూర్పు రేఖాంశం మీద ఉంది. షికాగో ఓహేర్ 41.98 ఉత్తరం, 87.90 పడమర. ఈ నాలుగు అంకెలుంటే మధ్య దూరం తేలిపోతుంది. డిగ్రీ క్లాసుల్లో గోళ త్రికోణమితి చెప్పిన రోజుల్లో నేను పిల్లలకు ఓడల లెక్కలే ఇచ్చేవాణ్ణి. విమానాలవాళ్లకు వేరే గణితమంటూ లేదు, సరంగుల దగ్గర ఎరువు తెచ్చుకున్నదే.

రెండు ఊళ్లనూ ఉత్తర ధ్రువంతో కలిపితే గోళం మీద ఓ త్రిభుజం వస్తుంది. కొసైన్ సూత్రం వేస్తే, భూకేంద్రం దగ్గర ఆ రెండు ఊళ్ల మధ్య ఉండే కోణానికి కొసైన్ మైనస్ 0.4916. అంటే 119.45 డిగ్రీల కోణం. డిగ్రీకి 60 నాటికల్ మైళ్ల చొప్పున 7,167 మైళ్లు, అంటే దాదాపు 13,270 కిలోమీటర్లు. మెర్కేటర్ 1569లో గీసిన తరహా పటం మీద స్కేలు పెట్టి తిన్నగా గీత గీస్తే మాత్రం 16,100 అవుతుంది. అసలు దగ్గరి దారి 79వ అక్షాంశం దాకా ఎక్కి దిగుతుంది. పటం చూసి పెరిగిన కంటికి ఇది చుట్టుదారిలా తోస్తుంది.

కాలిక్యులేటర్ లేక, గుణకారాలన్నీ లాగ్ పట్టికలతో చేసే కాలంలో ఆ మైనస్సే పెద్ద చిక్కు. మైనస్ సంఖ్యకు లాగ్ తీయలేం. అందుకే నావికులు ఒకటిలోంచి కొసైన్ తీసేసి సగం చేసేవారు. మన లెక్కలో అది 0.7458. ఎప్పుడూ సున్నాకూ ఒకటికీ మధ్యే ఉంటుంది కాబట్టి లాగ్ పట్టిక హాయిగా తెరవచ్చు. జేమ్స్ ఇన్మన్ 1835లో దీనికి హావర్‌సైన్ అని పేరు పెట్టాడు. పట్టికల్లో వేలు జార్చుకుంటూ వెళ్లి జవాబు పట్టుకోవడంలో ఓ సుఖం ఉంది, అది ఈనాటి పిల్లలకు చెప్పినా ఎక్కదు.

అయితే కోణాన్ని కిలోమీటర్లుగా మార్చాలంటే భూమి ఎంతదో తెలియాలి. దాని కోసం 1802లో మద్రాసులో ల్యాంబ్టన్ మొదలుపెట్టిన సర్వే, కోణాలు కొలిచే అర టన్ను బరువున్న థియోడలైట్‌ను మోయించుకుంటూ 78వ రేఖాంశం వెంట నిజాం రాజ్యంలోకి వచ్చింది. జార్జ్ ఎవరెస్ట్ 1818లో ఆయన దగ్గర చేరాడు, ఇక్కడి అడవుల్లో జ్వరం తగిలి 1820లో దక్షిణాఫ్రికాలోని కేప్‌కు వెళ్లి కోలుకోవాల్సి వచ్చింది. 1830లో ఆయన తేల్చిన భూమధ్యరేఖా వ్యాసార్ధం నేటి లెక్కకంటే 860 మీటర్లే తక్కువ. గొలుసులతో కొలిచి ఆ మాత్రం దగ్గరికి రావడం నాకిప్పటికీ అబ్బురమే.

భూమి నిండు బంతి కాదు, ధ్రువాల దగ్గర కాస్త నొక్కుకుని ఉంటుంది. బంతి అనుకుని చేసిన లెక్క అర శాతం దాకా తప్పవచ్చు. విన్సెంటీ 1975లో ఆ తేడాను మిల్లీమీటర్లకు దింపే సూత్రాలు ఇచ్చాడు. వాటిని పైలట్ చేత్తో చేయనక్కర్లేదు, కంప్యూటర్ చేస్తుంది.

ఇంతా చేసి, విమానం ఆ దూరమే ఎగరాలని లేదు. ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు ఎయిరిండియా 2016 అక్టోబరులో దగ్గరి దారి వదిలి పసిఫిక్ మీదుగా వెళ్లింది. పాత దారికంటే సుమారు 1,400 కిలోమీటర్లు ఎక్కువ. వెనకనుంచి గాలి తోయడంతో ముందే దిగింది.